చూసినందుకు డబ్బులివ్వండి

లాప్‌టాప్‌కి కీబోర్డు మారిస్తే డబ్బులిస్తాం. బ్యాటరీ మారిస్తే ఇస్తాం. మదర్‌బోర్డు మార్చాలన్నా కాసేపు బేరమాడి ఇచ్చేస్తాం. అదే మెకానిక్ అరగంట కూర్చుని అన్నీ పరీక్షించి, "దీనికేం మార్చక్కర్లేదండీ, సెట్టింగ్ మారింది, సరిచేశాను" అంటే మాత్రం థాంక్స్ చెప్పి లేచి వచ్చేస్తాం. ఆ అరగంటకీ, ఆ అనుభవానికీ మనం కట్టే విలువ సున్నా. మా విశాఖలో ద్వారకానగర్ లైన్లలో అయినా, గాజువాకలో అయినా, మధురవాడలో అయినా లాప్‌టాప్ రిపేరు షాపు నడవాలంటే ఏదో ఒక పార్టు అమ్ముడుపోవాలి. లేకపోతే షాపు అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? అక్కర్లేని పార్టులు అంటగడుతున్నారని అందరం వాళ్లను తిట్టుకుంటాం. వాళ్లను ఆ దారిలో పెట్టింది మన లెక్కే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నేను విశాఖలో ఒక కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ల పని చూస్తుంటాను. ల్యాబ్ మెషీన్లతో పాటు పిల్లలవి, తోటి స్టాఫ్‌వి, చుట్టాలవి లాప్‌టాప్‌లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. చాలామంది అప్పటికే ఎక్కడో చూపించి, "కీబోర్డు పోయిందట", "బోర్డు పోయిందట" అన్న మాట పట్టుకుని వస్తారు. కూర్చుని ఒక్కొక్కటే పరీక్షిస్తే వాటిలో చాలావరకు నిజంగా పోయినవి కావని తేలుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నారు. అందుకే ఏం చూడాలో, ఎందుకు చూడాలో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు జబ్బే కాని జబ్బుల సంగతి. పెదవాల్తేరులో ఉండే మా పిన్ని ఒకరోజు ఫోన్ చేసింది. "ఏటో నాన్నా, ఇంగ్లీషు కొడితే తెలుగొస్తంది. షాపబ్బాయి కీబోర్డు మార్చాలంటన్నాడు" అంది. ఆవిడ తెలుగులో రాసుకోవడానికి విండోస్‌లో తెలుగు కీబోర్డు కూడా పెట్టుకుంది. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే ఒక భాష నుంచి ఇంకో భాషకు మారిపోతుంది. ఎప్పుడో చెయ్యి తగిలి మారింది, అంతే. ఫోన్లోనే ఆ రెండూ మళ్లీ కలిపి నొక్కించాను, ఇంగ్లీషు వచ్చేసింది. లేకపోతే మంచి కీబోర్డు తీసేసి ఇంకో కీబోర్డు వేయించుకుని ఉండేది. అది వేశాక కూడా తెలుగే వచ్చేది!

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. షిఫ్ట్‌తో 2 నొక్కితే @ బదులు కొటేషన్ గుర్తు పడుతోందంటే, లేఅవుట్, అంటే కీల అమరిక, యూకే ఇంగ్లీషులోకి వెళ్లిందని అర్థం. మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌ల మీద గుర్తులు ఎక్కువగా యూఎస్ పద్ధతిలో ఉంటాయి. భాష సెట్టింగ్‌లో యూకేని తీసేస్తే సరి. జె, కె, ఎల్ నొక్కితే 1, 2, 3 వస్తుంటే అది నమ్‌లాక్, పక్కన అంకెల ప్యాడ్ లేని కొన్ని చిన్న లాప్‌టాప్‌లలో ఇలా అవుతుంది. కుడివైపు షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ కావాలా అని అడుగుతుంది. చదవకుండా ఓకే కొట్టేస్తే ఇక ఆ తర్వాత మామూలు వేగంతో టైపు చేసినా అక్షరాలు పడవు, ఒక్కో కీని కాసేపు ఒత్తి పట్టాలి. "కీబోర్డు స్లో అయింది సార్" అని వచ్చే పిల్లల్లో చాలామందిది ఇదే.

మరి జబ్బు సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా అని తేల్చేదెలా? దీనికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఎవరిదైనా ఒక యూఎస్‌బీ కీబోర్డు అడిగి తెచ్చి పెట్టండి. దాంట్లోనూ అదే తేడా వస్తే లోపం విండోస్‌లో ఉంది. అది బాగా పనిచేసి లాప్‌టాప్ కీలు మాత్రమే మొరాయిస్తే, ఇంకో మెట్టు ఎక్కాలి. ఆఫ్ చేసి, ఆన్ చేస్తూనే బయోస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లండి, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కాలి. అక్కడ ఇంకా విండోస్ మొదలవ్వదు. మొరాయించే కీలలో బాణాలో, ఎంటరో ఉండి అవి బయోస్‌లో చక్కగా పనిచేస్తున్నాయంటే కీబోర్డు తప్పేమీ లేదు, విండోస్‌లో దాన్ని నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి. అక్కడా పనిచేయకపోతే అప్పుడు హార్డ్‌వేర్ మీద అనుమానపడాలి. ఏదో కీ ఇరుక్కుని తనంతట తానే అక్షరాలు కొట్టేస్తుంటే, విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. ఇరుక్కున్న కీ అక్కడ నొక్కినట్టే కనిపిస్తుంది.

ఇంకొకటి. చార్జర్ తీసేసి, లాప్‌టాప్ ఆఫ్ చేసి, పవర్ బటన్ ఓ 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. కీబోర్డును, చార్జింగ్‌ను, ఫ్యాన్‌ను చూసుకునే చిన్న చిప్ ఒకటి లోపల ఉంటుంది, చాలా మోడళ్లలో ఇలా చేస్తే అది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఉన్నట్టుండి కీబోర్డు మొత్తం చచ్చిపోయిందన్న లాప్‌టాప్‌లు ఈ ఒక్కదానితో లేచి కూర్చోవడం నేను చూస్తూనే ఉంటాను.

ఇక నిజంగా లోపల లోపం ఉన్నప్పుడు. పాడైన కీబోర్డులు కొన్ని నేను పూర్తిగా విప్పి పెట్టుకున్నాను, పిల్లలకు చూపించడానికి. పైన కీ మూత. దాని కింద కత్తెరలా ఒకదానికొకటి అడ్డంగా కదిలే రెండు ప్లాస్టిక్ ముక్కలు. వాటి మధ్య చిన్న రబ్బరు బుడిపె. దాని కింద మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు. పై పొర మీదా కింది పొర మీదా వెండి కలిపిన ఇంకుతో గీసిన సన్నటి గీతలు ఉంటాయి. మధ్య పొరకు కీ ఉన్న చోటల్లా ఒక రంధ్రం. కీ నొక్కితే పై గీత ఆ రంధ్రంలోంచి కింది గీతను తాకుతుంది, అక్షరం పడుతుంది. ఒక్కో కీకి ఒక్కో వైరు ఉండదు. గీతలన్నీ అడ్డం నిలువు వరుసలుగా అల్లుకుని, చివరకు ఒక చదునైన స్ట్రిప్ కేబుల్‌గా బయటికి వచ్చి మదర్‌బోర్డు మీది కనెక్టర్‌లో దూరతాయి.

ఇది తెలిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఉన్నట్టుండి నాలుగైదు కీలు ఒకేసారి పనిచేయడం మానేశాయి, అవి పక్కపక్కన కూడా లేవు. అప్పుడు నాలుగు లోపాలు లేవు, ఉన్నది ఒక్కటే. అవన్నీ ఒకే గీత మీద ఉన్నాయి, ఆ గీత ఎక్కడో తెగింది, లేదా స్ట్రిప్ దగ్గర దాని కాంటాక్ట్ పోయింది. స్ట్రిప్ దగ్గరైతే కీబోర్డు మార్చక్కర్లేదు. బ్యాటరీ కనెక్టర్ పీకేసి, స్ట్రిప్ బయటికి తీసి, దాని అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక మళ్లీ నిటారుగా దూర్చి లాక్ వేస్తే చాలు. ఒకే ఒక్క కీ పనిచేయకపోతే మాత్రం ఆ కీ కిందే ఏదో ఉంది. చాలాసార్లు అన్నం మెతుకో, జంతికల పొడో.

మన విశాఖలో ఆ స్ట్రిప్ అంచు ఇంత తరచుగా ఎందుకు పాడవుతుంది? సముద్రం. వానాకాలంలో వంటింట్లో మూత సరిగా పెట్టని ఉప్పు డబ్బా నీరు కారి ముద్దయిపోవడం మనందరం చూసిందే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు గాలిలోంచే నీటిని లాక్కుని కరిగిపోతుంది. లాసన్స్ బే నుంచి బీచ్ రోడ్డు పొడవునా ఉన్న ఇళ్లలోకి అలల తుంపరతో ఆ ఉప్పే కంటికి కనపడని రేణువులుగా వస్తోంది. ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు ఉప్పూ లోపలికి పోతుంది. మన దగ్గర ఆ 75 శాతం తేమ అరుదైన విషయమేమీ కాదు. బోర్డు మీద పడిన ఉప్పు రేణువు రాత్రికి తడిగా మారి, కరెంటు పారే రెండు గీతల మధ్య ఉప్పునీటి వంతెన వేస్తుంది. రాగి పచ్చగా చిలుము పడుతుంది. వెండి ఒక గీత నుంచి కరిగి రెండో గీత వైపు సన్నటి వేళ్లలా పెరుగుతుంది. పాత స్ట్రిప్‌ను భూతద్దం కింద పెడితే ఆ పచ్చదనం, ఆ నల్ల మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి.

దీనికి తోడు ఏసీ. రాత్రంతా చల్లటి గదిలో ఉన్న లాప్‌టాప్‌ను పొద్దున్నే ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే, లోపలి చల్లటి లోహం మీద గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే వీలుంది. బ్యాగులోనే కాసేపు ఉంచి, గది వేడికి వచ్చాక ఆన్ చేయండి. వాడని లాప్‌టాప్‌ను నెలల తరబడి బీరువాలో పెట్టేయకండి. అప్పుడప్పుడు ఓ గంట నడిపితే ఆ వేడికి లోపలి తేమ పోతుంది. సముద్రం వైపు కిటికీ పక్కన బల్ల వేసుకోవడం ఎంత హాయిగా ఉన్నా, మెషీన్‌కి మంచిది కాదు.

తర్వాత టీ. నీళ్లకంటే టీ ప్రమాదం, పాలూ పంచదారా ఉంటాయి కాబట్టి. ఒలికిన క్షణంలో చేయాల్సింది పవర్ బటన్ నొక్కి పట్టి ఆఫ్ చేయడం, చార్జర్ పీకడం. ఫైల్ సేవ్ చేద్దామని కూడా ఆగొద్దు. తడి ఒక్కటే అంత త్వరగా చంపదు, తడిలో కరెంటు పారితే నిమిషాల్లో రాగి తినేస్తుంది. తర్వాత తెర తెరిచి, బోర్లించి, గుడారంలా నిలబెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, వేడి గాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది, ప్లాస్టిక్ పొరలు వంకరపోతాయి. బియ్యం డబ్బాలో పెట్టమని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చెబుతారు. దయచేసి పెట్టకండి. బియ్యం పంచదారను బయటికి తీయదు, తవుడు మాత్రం పోర్టుల్లోకి పోతుంది. ఎండిపోయి మామూలుగా ఆన్ అయిందని సంబరపడి వదిలేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. లోపల ఎండిన పంచదార, ఉప్పు మన తేమకు మళ్లీ మళ్లీ తడుస్తూ, కొన్ని వారాల తర్వాత బోర్డును తినేస్తాయి. ఒలికిన రోజే విప్పించి, బ్యాటరీ తీయించి, ఆల్కహాల్‌తో కడిగించాలి. ఇది పార్టు అవసరం లేని పని, పూర్తిగా చేతి పని. దీనికి అడిగినంత ఇవ్వడానికి మనకు మనసొప్పాలి.

కీబోర్డు పేరుతో నా దగ్గరికి వచ్చే వాటిలో నన్ను నిజంగా భయపెట్టేది ఇంకొకటి ఉంది. తోటి మేడమ్ ఒకావిడ, "టచ్‌ప్యాడ్ క్లిక్ అవట్లేదు, స్పేస్‌బార్ కూడా గట్టిగా ఉంది" అని తెచ్చారు. షాపులో టచ్‌ప్యాడ్ మార్చాలన్నారట. బల్ల మీద పెట్టి చూస్తే లాప్‌టాప్ నాలుగు కాళ్ల మీద సమంగా కూర్చోలేదు, ఊగుతోంది. పక్క నుంచి చూస్తే అరచేతులు ఆనించే చోట ప్యానెల్ సన్నగా ఉబ్బి ఉంది. బ్యాటరీ లోపల గ్యాస్ పట్టి దిండులా ఉబ్బి, టచ్‌ప్యాడ్‌ను కింద నుంచి పైకి తోస్తోంది. టచ్‌ప్యాడ్ మార్చినా అది పనిచేసేది కాదు. పైగా ఉబ్బిన లిథియం బ్యాటరీ గుచ్చుకున్నా నలిగినా అంటుకునే ప్రమాదం ఉంది. ఇలా కనిపిస్తే ఆ క్షణం నుంచి చార్జింగ్ పెట్టకూడదు, మూత గట్టిగా మూయకూడదు, గుచ్చి గ్యాస్ తీసే ప్రయత్నం అసలు చేయకూడదు. తెలిసినవాళ్లతో తీయించాలి, తీసిన బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి. రోజంతా చార్జర్ మీదే ఉంచి పనిచేసేవాళ్లు సెట్టింగ్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపుకుంటే బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. చాలా కంపెనీలు ఆ వీలు ఇస్తున్నాయి.

చార్జింగ్ పెట్టినప్పుడే కర్సర్ పిచ్చిగా గెంతుతూ, లోహపు బాడీ తాకితే చేతికి జివ్వుమంటుంటే, టచ్‌ప్యాడ్‌ను కాదు, మీ ప్లగ్‌కు ఎర్త్ ఉందా అని చూడండి. చార్జర్ తీయగానే తగ్గిందంటే అనుమానం ఎర్త్ మీదో, చార్జర్ మీదో పడాలి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

"బోర్డు పోయింది" అన్న తీర్పు సంగతికి వద్దాం. పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు. కొన్నిసార్లు నిజంగానే బోర్డు. కానీ మన ఊళ్లో నేను ముందు చూసేది ర్యామ్, అంటే మెమరీ చిప్పులున్న చిన్న బోర్డు. దాని కాంటాక్టుల మీద తేమకు సన్నటి పొర పడుతుంది. తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెడితే తెర వచ్చేసే లాప్‌టాప్‌లు ఎన్నో. పైగా మెషీన్ తన జబ్బు తానే చెప్పుకుంటుంది, మనం వినాలి అంతే. డెల్‌లో బ్యాటరీ లైటు పసుపు, తెలుపు రంగుల్లో ఇన్నిసార్లు అని మెరుస్తుంది. హెచ్‌పీలో చాలా మోడళ్లకు క్యాప్స్‌లాక్ లైటు మెరుస్తుంది. ఆ లెక్క ఫోన్లో వీడియో తీసుకుని, మీ మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో వెతికితే అది ర్యామా, ప్రాసెసరా, బయోసా అని రాసి ఉంటుంది. తెర వస్తున్న మెషీన్‌లో డెల్‌కి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్2 నొక్కి కంపెనీ ఇచ్చిన పరీక్షలే నడపొచ్చు. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

వేడికి ఆగిపోయే మెషీన్లదీ ఇదే వరస. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు పోర్టు దుమ్ము సంగతి అక్కడ ఉండేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లబడుతుంది. ఆ దుమ్మే ఫ్యాన్ వెనక రేకుల మధ్య నూలు గుడ్డలా పేరుకుంటుంది. శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పేస్ట్ మారిస్తే బాగయ్యే దానికి కొత్త లాప్‌టాప్ కొనడం ఎందుకు?

ఇక్కడ షాపులది మాత్రమే కాదు, తయారుచేసేవాళ్లదీ పెద్ద తప్పు ఉంది. పాత మోడళ్లలో కొన్ని స్క్రూలు తీస్తే కీబోర్డు చేతిలోకి వచ్చేసేది. ఇప్పటి పల్చటి వాటిలో చాలావాటికి కీబోర్డును పై ప్యానెల్‌కు కరిగించిన ప్లాస్టిక్ మేకులతో అతికిస్తున్నారు. మెషీన్ మొత్తం ఖాళీ చేసి, ఆ మేకులన్నీ విరగ్గొట్టి, మళ్లీ కాల్చి అతికించాలి, లేదా ప్యానెల్ మొత్తం కొనాలి. డిజైన్ తప్పితే ఎంత పెద్ద కంపెనీకైనా ఏమవుతుందో ఆపిల్ చరిత్రలోనే ఉంది. 2015లో బటర్‌ఫ్లై అనే పల్చటి కీబోర్డు తెచ్చారు. చిన్న ధూళి రేణువు దూరినా కీ ఇరుక్కునేది. 2018లో ఉచితంగా బాగుచేసిస్తామని ప్రకటించాల్సి వచ్చింది, 2019లో మళ్లీ పాత కత్తెర పద్ధతికి వచ్చారు, 2022లో అమెరికాలో కొన్నవాళ్లు వేసిన కేసు పరిష్కారానికి 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్ అమ్మేటప్పుడు అది ఎంత సులువుగా బాగుచేయొచ్చో 10కి ఇన్ని మార్కులని చూపించాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది, కంపెనీల రిపేరు వివరాలు ఒక్కచోట ఉంచే వెబ్‌సైట్ అది. కొనేముందు ర్యామ్ వేరుగా ఉందా, బోర్డుకే అతికించారా, కీబోర్డు ఒక్కటే మార్చొచ్చా అని షోరూంలో అడగడం మనం మొదలుపెడితేనే ఆ మార్కుల పద్ధతి ఇక్కడికీ వస్తుంది. ఇప్పుడు అడుగుతున్నది రంగు, బరువు, ఆఫర్.

షాపుకి వెళ్లేముందు రెండు పనులు తప్పనిసరి. ఒకటి, ఫైళ్లు ఇంకో చోటికి కాపీ చేసుకోవడం. రెండోది చాలామందికి తెలియనిది. విండోస్ 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ తాళం వేసి ఉంటుంది. బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ కదిపినా, ఆన్ చేయగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే తీసి కాగితం మీద రాసి పెట్టుకోండి. ప్రాజెక్టు ఫైళ్లు ఇలా ఇరుక్కుపోయి ఫైనలియర్ పిల్లలు పడే టెన్షన్ చూడలేం.

షాపులో అడగాల్సింది, "ఎంతవుతుంది?" అని కాదు. "అన్నా, ముందు చూసి ఏమైందో చెప్పు, చూసినందుకు ఇంతిస్తాను, మార్చాలో వద్దో తర్వాత మాట్లాడుకుందాం" అనండి. ఏం పరీక్షించారో, ఏం తేలిందో బిల్లు మీద రాయించుకోండి. పార్టు మారిస్తే పాతది వెనక్కి అడగండి.

స్టూడెంట్ల దగ్గర అంత డబ్బెక్కడిది అని నాతో వాదించేవాళ్లు ఉన్నారు. నిజమే, హాస్టల్లో ఉండే పిల్లాడికి ఏ ఖర్చయినా బరువే. కానీ ఆ పిల్లాడే, బాగున్న కీబోర్డు మార్పించుకుని, చూసినందుకు ఇచ్చే ఫీజుకి ఎన్నో రెట్లు కడుతున్నాడు. కడుతున్నట్టు తెలియడం లేదు, అంతే తేడా.

ఇప్పుడు కొన్ని షాపుల్లో చెకింగ్ చార్జీ పెడుతున్నారు, సంతోషం. కానీ దాని కిందే "రిపేరు చేయించుకుంటే చెకింగ్ ఫ్రీ" అని రాస్తున్నారు. అది కూడా తీసేయాలని నేను వాళ్లతో అంటున్నాను. ఫ్రీ అనగానే, ఎలాగూ డబ్బులు పోతాయి కదా, ఏదో ఒకటి మార్పించేద్దాం అనిపిస్తుంది మనకు. మెకానిక్‌కీ మళ్లీ పార్టు అమ్మితేనే లాభం. మార్చినా, మార్చకపోయినా, ఏ లోపమూ లేదని తేలినా, చూసిన ఫీజు చూసినదానికే ఉండాలి. ఆ ఫీజు చేతికి అందిన కుర్రాడు, కీబోర్డు బాగానే ఉందని మనకు ధైర్యంగా చెప్పగలడు.